బ్యాటింగ్‌కి ఎల్బో గార్డ్: కొలత తీసుకోవడం నుంచి కట్టుకునేదాకా

షాపులో అడిగేటప్పుడు అందరం "ఎల్బో గార్డ్" అనే అంటాం. బంతికి ఆ పేరుతో పనిలేదు. మోచేతి కొన దగ్గర మొదలై మణికట్టు దాకా ఉన్న ముంజేతిలో దానికి ఎక్కడ వీలైతే అక్కడ తగులుతుంది. కాబట్టి కొనడానికి ముందు రెండు నిమిషాలు మీ చెయ్యి మీరే చూసుకోండి.

చెయ్యి మడిచి మోచేతి కొన మీద వేలు పెట్టండి. అక్కణ్నుంచి చిటికెన వేలి వైపుగా మణికట్టు గుబ్బ దాకా వేలు మెల్లగా జరపండి. దారి పొడవునా ఎముక తగులుతూనే ఉంటుంది, ఎక్కడా కండ అడ్డం రాదు. అది అల్నా ఎముక. బొటనవేలి వైపున్న రేడియస్‌కి పైసగంలో కండ కప్పి ఉంటుంది. అల్నాకి ఆ అంచున తోలు తప్ప వేరే కవచం లేదు. ఇప్పుడు అద్దాన్ని బౌలర్ అనుకుని బ్యాట్ పట్టుకుని నిలబడి, బ్యాట్ పైకెత్తి, షార్ట్ బాల్‌ని ఆపుతున్నట్టు ముందు మోచెయ్యి పైకి లేపండి. అద్దంలో మీకు ఎదురుగా కనిపించేది సరిగ్గా ఆ కండలేని గీతే.

ఎల్బో గార్డ్ ఎంచుకోవడమంటే ఆ గీతని కప్పే వస్తువు ఎంచుకోవడం. ఇన్నింగ్స్ మధ్యలో, చెమటలో కూడా అది ఆ గీత మీద నుంచి జారకూడదు. మందం, బ్రాండ్, రంగు అన్నీ దాని తర్వాతే.

ముందు పేర్ల గందరగోళం తేల్చుకోండి

ఆన్‌లైన్‌లో "ఎల్బో" అని కొడితే నాలుగు రకాల సరుకు కలగాపులగంగా వస్తుంది. అందులో రెండే మనకి పనికొస్తాయి.

ఒకటి ఫోర్‌ఆర్మ్ గార్డ్. మణికట్టుకి కాస్త పైన మొదలై మోచేతి కిందే ఆగిపోతుంది. రెండు స్ట్రాప్‌లు, ఒకటే పలక. చెయ్యి కదలికకి అడ్డం తక్కువ కాబట్టి టీ20 ఆడేవాళ్లు ఎక్కువగా ఇష్టపడేది ఇదే. రెండోది మోచేతి చిప్ప కూడా ఉన్న ఆర్మ్ గార్డ్. ముంజేతి పలకకి పైన, మోచేతి కొనని కప్పే గిన్నెలాంటి ముక్క విడిగా, మడత పడేలా కలిపి ఉంటుంది. సాధారణంగా మూడు స్ట్రాప్‌లు ఉంటాయి, మూడోది మోచేతికి పైన కడతారు.

మూడోది స్కేటింగ్, వాలీబాల్ వాళ్లు వాడే మోచేతి ప్యాడ్. కింద పడినప్పుడు మోచేతి కొన గీరుకుపోకుండా చేసిన వస్తువు అది. ముంజేతిని అస్సలు కప్పదు. నాలుగోది మెడికల్ షాపు సరుకు: ఎలాస్టిక్ స్లీవ్, టెన్నిస్ ఎల్బో బెల్టు. వీటిలో బంతి దెబ్బని ఆపేదేమీ లేదు.

ఈ నాలుగోదాని దగ్గర చాలామంది పొరబడతారు. 2004లో సచిన్ టెండూల్కర్‌ని మ్యాచ్‌లకి దూరం చేసిన టెన్నిస్ ఎల్బో బంతి తగిలి వచ్చింది కాదు. మోచేతి బయటివైపు స్నాయువు మీద పదేపదే భారం పడటం వల్ల వచ్చే బాధ అది. అలాంటి నొప్పికి ఎంత మందమైన గార్డ్ కట్టినా లాభం ఉండదు. నొప్పికి కట్టే బెల్టు 140 కి.మీ. బంతినీ ఆపదు. రెండూ అవసరమైతే పలుచటి స్లీవ్ లోపల వేసి, దాని మీద గార్డ్ కట్టాలి. ఆ స్లీవ్ వేసుకున్న చేతి మీదే కొలతలు తీసుకోవాలి.

అడుగు 1: ఏ చేతికి?

కుడిచేతి వాటం బ్యాటర్‌కి ఎడమ చెయ్యి, ఎడమచేతి వాటం బ్యాటర్‌కి కుడి చెయ్యి. బౌలర్ వైపు ఉండే చేతికే గార్డ్.

ఇంత తేలికైన విషయంలో కూడా తప్పు సరుకు ఇంటికొస్తుంది. కొన్ని కంపెనీల లేబుల్ మీద "రైట్ హ్యాండ్" అంటే కుడిచేతి వాటం బ్యాటర్ అని, అంటే ఎడమ చేతికి కట్టుకునేది. మరికొన్నిటి మీద అదే మాటకి కుడి చేతికి కట్టుకునేది అని అర్థం. లేబుల్ నమ్మకుండా వస్తువునే చూడండి. చేతికి పెట్టుకుంటే పలకలో అన్నిటికంటే మందమైన గట్టు చిటికెన వేలి వైపు, అంటే ఇందాక వేలితో గీసిన గీత మీదకి రావాలి. బొటనవేలి వైపుకో, ముంజేతి లోపలి కండ మీదకో వస్తే అది రెండో చేతిది. రెండు అంచులూ ఒకేలా ఉండి ఏ చేతికైనా సరిపోయే గార్డ్‌లు కూడా దొరుకుతాయి. చిన్న ఊళ్ల షాపుల్లో లెఫ్ట్ హ్యాండర్ల సరుకు తక్కువ పెడతారు కాబట్టి వాళ్లకి ఇవి బాగా అక్కరకొస్తాయి. "ఇదే అటు తిప్పి కట్టుకో బాబూ, సరిపోద్ది" అని షాపతను అన్నా, చిప్ప ఉన్న గార్డ్ అలా తిప్పితే కుదరదు.

అడుగు 2: మీరు ఆడే బంతి, పిచ్, వేగం

మామూలు టెన్నిస్ బంతికి గార్డ్ అక్కర్లేదు. హెవీ టెన్నిస్ బంతితో దగ్గర బౌండరీల టోర్నీలు ఆడేవాళ్లకి పలుచటి ఫోర్‌ఆర్మ్ గార్డ్ చాలు. కార్క్ బంతిని మాత్రం చులకనగా చూడొద్దు. ధర తక్కువే అయినా దెబ్బ తక్కువేం కాదు. పల్లెటూరి గ్రౌండ్లలో గతుకుల పిచ్ మీద అది ఎటు లేస్తుందో వేసినవాడికే తెలియదు. ప్యాడ్లు, హెల్మెట్ లేకుండా కార్క్ ఆడే అలవాటుంటే ముందు అవి సంపాదించండి, గార్డ్ ఆ తర్వాత.

లెదర్ బంతి దగ్గరికొస్తే లెక్క మారిపోతుంది. పురుషుల క్రికెట్‌లో కొత్త బంతి బరువు 155.9 నుంచి 163 గ్రాములు. మహిళలది సుమారు 140 నుంచి 151, పదమూడేళ్ల లోపు పిల్లలది 133 నుంచి 144 గ్రాములు. గంటకి 100 కి.మీ. వేగంలో ఉన్న 160 గ్రాముల బంతి మోసే శక్తి సుమారు 62 జౌల్స్. అదే బంతి 130 కి.మీ. మీద ఉంటే 104. వేగం 30 శాతం పెరిగితే దెబ్బ దాదాపు 70 శాతం పెరిగిందన్నమాట. జిల్లా లీగ్‌లో సరిపోయిన గార్డ్ పై స్థాయిలో సరిపోకపోవడానికి కారణం ఇదే.

రెండో లెక్క బౌన్స్. మన కోచింగ్ క్యాంపుల్లో ఎక్కువ భాగం సిమెంట్ మీద మ్యాటింగ్ పరిచిన నెట్సే. టర్ఫ్, అంటే మామూలు మట్టి పిచ్ మీద నడుము దాకా వచ్చే బంతి మ్యాటింగ్ మీద గుండెల దాకా లేస్తుంది. పన్నెండేళ్ల పిల్లాడికైతే అది సరిగ్గా మోచేతి ఎత్తు. అందుకే మ్యాటింగ్ మీద లెదర్ బంతి ఆడే పిల్లలకి చిప్ప ఉన్న పూర్తి గార్డే కొనాలి. అమెరికాలో వారాంతపు లీగ్‌లు ఆడే మనవాళ్లలో చాలామందికి కూడా మ్యాటింగ్ పిచ్‌లే దొరుకుతాయి కాబట్టి వాళ్లకీ ఇదే మాట. టర్ఫ్ మీద 120 కి.మీ. లోపు బౌలింగ్ ఆడే పెద్దవాళ్లు మంచి ఫోర్‌ఆర్మ్ గార్డ్‌తో నెట్టుకురావచ్చు. అంతకు మించితే, లేదా నెట్స్‌లో సైడ్‌ఆర్మ్‌తో (బంతిని వేగంగా విసరడానికి వాడే పొడవాటి గరిటెలాంటి పరికరం) విసిరే త్రోడౌన్లు ఆడుతుంటే, చిప్ప ఉన్నదే తీసుకోండి. సైడ్‌ఆర్మ్‌తో వచ్చే బంతికి రనప్ ఉండదు, చేతి ఊపు చదవడానికి సమయమూ ఉండదు.

అడుగు 3: మూడు కొలతలు

దర్జీ టేపు ఒకటి చాలు. లేకపోతే దారంతో కొలిచి దాన్ని స్కేలు మీద పెట్టుకోండి.

పొడవు: మోచెయ్యి తొంభై డిగ్రీలకి మడిచి, కొన నుంచి మణికట్టు గుబ్బ దాకా. పెద్దవాళ్లలో చాలామందికి ఇది 23 నుంచి 29 సెం.మీ. మధ్య వస్తుంది. ఇప్పుడు మీ బ్యాటింగ్ గ్లవ్ తొడిగి, దాని అంచు ముంజేతి మీద ఎక్కడ ఆగిందో పెన్నుతో గుర్తు పెట్టండి. మోచేతి కొన నుంచి ఆ గుర్తు దాకా ఉన్నదే అసలు స్థలం. అందులోంచి ఒక సెంటీమీటరు తీసేస్తే గార్డ్ ఉండాల్సిన పొడవు.

ఈ చివరి సెంటీమీటరు దగ్గరే కొనేవాళ్లు రెండు రకాలుగా చెడిపోతారు. గార్డ్ పొడవైతే మణికట్టు వంచినప్పుడల్లా గ్లవ్ అంచు దాన్ని పైకి నెడుతుంది, పది బంతుల్లో గార్డ్ పక్కకి తిరిగిపోతుంది. గార్డ్ పొట్టిదైతే మణికట్టు పైన మూడు, నాలుగు సెంటీమీటర్ల ఖాళీ మిగులుతుంది. ఆ చోట ఎముకలు సన్నగా, పైపైనే ఉంటాయి. మణికట్టు దెబ్బ ఎంత పని చేస్తుందో 2023 రంజీ క్వార్టర్ ఫైనల్ చూసినవాళ్లకి గుర్తుండే ఉంటుంది. ఇండోర్‌లో మధ్యప్రదేశ్‌తో ఆడుతుండగా అవేశ్ ఖాన్ బంతి తగిలి ఆంధ్ర కెప్టెన్ హనుమ విహారి ఎడమ మణికట్టు దగ్గర ఎముక విరిగింది. తొమ్మిది వికెట్లు పడ్డాక మళ్లీ వచ్చి, విరిగిన చెయ్యి బౌలర్‌కి ఎదురుగా ఉండకుండా ఎడమచేతి వాటంగా నిలబడి ఆడాడు. ముందు చెయ్యి, వెనక చెయ్యి అనే తేడా ఏమిటో అంతకన్నా బాగా ఎవరూ చూపించలేరు. ఖాళీ తప్పదంటే గ్లవ్ అంచు కాస్త పొడవున్నదాన్ని ఎంచుకోండి. మందపాటి స్వెట్ బ్యాండ్ వేస్తే దెబ్బ తగ్గుతుందని చాలామంది అనుకుంటారు. అది చెమటకే.

చుట్టుకొలత: మోచేతి మడత నుంచి నాలుగు వేళ్లు కింద, ముంజెయ్యి అన్నిటికంటే లావుగా ఉన్న చోట, పిడికిలి గట్టిగా బిగించి కొలవండి. వదులుగా ఉన్న చెయ్యి కొలిస్తే బ్యాట్ పట్టుకోగానే కండ ఉబ్బి స్ట్రాప్ కోస్తుంది.

మూడోది చిప్ప ఉన్న గార్డ్‌కే. మోచేతికి 5 సెం.మీ. పైన, చెయ్యి మడిచి కొలవాలి.

కంపెనీ సైజుల్లో బాయ్స్, యూత్, మెన్స్ అనే మాటలకి అందరికీ వర్తించే కొలత లేదు. మీరట్‌లో తయారైన ఎస్‌జీ, ఎస్ఎస్ సరుకుకీ, ఆస్ట్రేలియా కూకబుర్రకీ మధ్య "యూత్" ఒకేలా ఉండాలని లేదు. సెంటీమీటర్లలో అడగండి. చెప్పలేని షాపులో మీ టేపు తీసి మీరే కొలుచుకోండి, ఎవరూ ఏమీ అనుకోరు.

పిల్లలకి "వచ్చే ఏడాదికి కూడా పనికొస్తుంది" అని ఒక సైజు పెద్దది కొనడం స్కూల్ యూనిఫాం విషయంలో తెలివి. గార్డ్ విషయంలో మాత్రం డబ్బు దండగ. వదులు గార్డ్ మొదటి ఓవర్లోనే తిరిగిపోతుంది, పిల్లాడు దాన్ని సర్దుకుంటూ బంతి మీద ధ్యాస పోగొట్టుకుంటాడు. రెండు రోజుల తర్వాత అది కిట్ బ్యాగ్‌లోంచి బయటికి రాదు.

అడుగు 4: లోపల ఏముంది?

మంచి గార్డ్‌లో రెండు పనులు చేసే రెండు పొరలుంటాయి. పైన గట్టి పలక, అంటే ప్లాస్టిక్‌తోనో బాగా ఒత్తిన ఫోమ్‌తోనో చేసినది. బంతి ఒక రూపాయి బిళ్లంత చోట తగిలితే ఆ బలాన్ని అరచెయ్యంత మేరకి పరుస్తుంది. కింద మెత్తటి ఫోమ్. అది నలుగుతూ దెబ్బ ఒక్క క్షణంలో పడకుండా కాస్త సాగదీస్తుంది. పలక ఒక్కటే ఉంటే చెయ్యి జివ్వుమంటుంది. మెత్తటి ఫోమ్ ఒక్కటే ఉంటే అది పూర్తిగా నలిగిపోయి, మిగతా దెబ్బంతా నేరుగా ఎముకకి చేరుతుంది.

షాపులోనే తేల్చుకోవచ్చు. గట్టు మీద బొటనవేలితో గట్టిగా నొక్కి, లోపలివైపు నుంచి చూపుడువేలు ఆనించండి. రెండు వేళ్లూ ఒకదానికొకటి తెలిసిపోతే పక్కన పెట్టేయండి. తర్వాత చేతికి పెట్టుకుని, స్నేహితుణ్ని లెదర్ బంతిని ఒక అడుగు ఎత్తు నుంచి గీత మీద వదలమనండి. మంచి గార్డ్‌లో ఎక్కడ పడిందో కచ్చితంగా చెప్పలేరు, చెయ్యంతా కలిపి నెట్టినట్టు ఉంటుంది. నాసిరకంలో వేలు పెట్టి చూపించగలరు. ఇది ఫాస్ట్ బౌలింగ్‌కి పరీక్ష కాదు. పక్కపక్కన పెట్టిన రెండు గార్డ్‌లలో ఏది మేలో తెలుస్తుంది, అంతే.

లెదర్ బంతికైతే గీత మీద పడే చోట మొత్తం మందం 15 మి.మీ.కి తగ్గకుండా చూసుకోండి. అంచుల దగ్గర పలచబడినా ఫరవాలేదు, పలచబడితేనే మంచిది. బరువు కూడా చూడండి. పలచటివి 100 గ్రాముల దగ్గర మొదలవుతాయి. ఎదిగిన బ్యాటర్‌కి కూడా 250 గ్రాములు దాటినది రెండు గంటల ఇన్నింగ్స్‌లో భుజాన్ని లాగుతుంది. పదేళ్ల పిల్లలకి దాన్లో సగం కూడా ఎక్కువే. వంటింటి త్రాసు చాలు, అనుమానమొస్తే తూచండి.

లోపలి గుడ్డ మన ఎండలకి ముఖ్యం. టవల్‌లాంటి నూలు అల్లిక చెమట పీలుస్తుంది, జారదు, కానీ ఆరడానికి ఒక రాత్రి పడుతుంది. జాలీ గుడ్డ తొందరగా ఆరుతుంది, కానీ చెమటకి జారుతుంది. వారానికి ఒక మ్యాచ్ ఆడేవాళ్లకి నూలు మంచిది. రోజూ పొద్దునా సాయంత్రం నెట్స్‌కి వెళ్లేవాళ్లకి జాలీ నయం. నునుపైన రెక్సిన్ లోపల వేసినదాన్ని మే నెలలో విజయవాడలో కట్టుకోవడం శిక్ష.

అడుగు 5: కట్టుకుని, బ్యాట్ పట్టుకుని చూడాలి

షాపుకి మీ గ్లవ్స్, బ్యాట్ తీసుకెళ్లండి. ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటే ట్యాగులు తీయకుండా ఇంట్లో ఇదంతా చేసి, తేడా ఉంటే వెనక్కి పంపండి. అద్దం ముందు చేతులు వేలాడేసి "బానే ఉంది" అనుకోవడం చూడటం కిందికి రాదు.

ముందు ఫార్వర్డ్ డిఫెన్స్. ముందు మోచెయ్యి ఎత్తుగా రావాలి కాబట్టి చెయ్యి తొంభై డిగ్రీల కంటే ఎక్కువ మడుస్తుంది. ఆ స్థితిలో చిప్ప పై అంచు లోపలి మడతలో గుచ్చుకుంటే వద్దు. గుచ్చుకునేదాన్ని తప్పించుకోవడానికి మీకు తెలియకుండానే మోచెయ్యి దించేస్తారు, బ్యాట్ అడ్డంగా వస్తుంది. గార్డ్ మీ టెక్నిక్‌ని పాడుచేయడమంటే ఇదే. తర్వాత పుల్, కట్ పదేసి సార్లు వేగంగా ఊపండి. పుల్‌లో చెయ్యి నిటారుగా సాగి, ముంజెయ్యి తిరుగుతుంది. అన్ని గార్డ్‌లూ పక్కకి జరిగేది అప్పుడే. పదో పుల్ తర్వాత చూడండి: గట్టు గీత మీదే ఉందా? ఒక వేలి మందం కంటే ఎక్కువ తిరిగితే సైజు తప్పు, లేదా స్ట్రాప్ సాగిపోయే రకం.

చివరికి స్ట్రయిట్ డ్రైవ్. ముగింపులో గార్డ్ ఛాతీకి, చెస్ట్ గార్డ్ ఉంటే దానికి, రాసుకోకూడదు.

ఇవన్నీ అయ్యాక స్ట్రాప్ కింద రెండు వేళ్లు దూర్చండి. కష్టం మీద దూరాలి. తేలిగ్గా దూరితే వదులు, అసలు దూరకపోతే బిగుతు. అలాగే ఐదు నిమిషాలు ఉంచి చూడండి. వేళ్లు తిమ్మిరెక్కినా, గోళ్లు పాలిపోయినా, చిటికెన వేలు జిలజిలలాడినా వదిలేయండి. మోచేతి లోపలి అంచున అల్నార్ నరం ఎముకకి ఆనుకుని పోతుంది. తలుపుకి మోచెయ్యి కొట్టుకున్నప్పుడు కరెంటు షాక్ కొట్టినట్టు ఉండేది ఆ నరం వల్లే. చిప్ప అంచు దాని మీద ఒత్తితే గ్రిప్ బలం తగ్గిపోతుంది.

అడుగు 6: కట్టే వరస

మూడు స్ట్రాప్‌ల గార్డ్‌ని చాలామంది మణికట్టు దగ్గర్నుంచి కట్టుకుంటూ పైకొస్తారు. జారిపోవడానికి సగం కారణం ఇదే. ముంజెయ్యి పైన లావు, కింద సన్నం, గరాటులాగా ఉంటుంది. దాని మీద ఏది కట్టినా మణికట్టు వైపుకే జారుతుంది. దాన్ని ఆపగలిగేది లావు చోటుకి పైన పట్టు దొరికే మధ్య స్ట్రాప్ మాత్రమే.

అందుకని, మొదట గట్టుని గీత మీద పెట్టి, పిడికిలి బిగించి మధ్య స్ట్రాప్ కట్టండి. తర్వాత మణికట్టు దగ్గరిది, కాస్త వదులుగా. ఆఖర్న మోచేతి పైది, చెయ్యి మడిచి ఉంచి. చెయ్యి చాపి కడితే, మడిచినప్పుడు కండ ఉబ్బి పట్టుకుపోతుంది. గ్లవ్ అన్నిటికంటే చివర. వెల్క్రో తోకలు ముంజేతి వెనకవైపుకి రావాలి. లోపలికొస్తే ప్రతి షాట్‌కీ జెర్సీకి అంటుకుని దారాలు లాగుతాయి.

ఫుల్ చేతుల జెర్సీ వేసుకునేవాళ్లు గుడ్డ మీద కట్టాలా, లోపల కట్టాలా అని అడుగుతుంటారు. గుడ్డ మీద కడితే గుడ్డే జారుతుంది, దాంతోపాటు గార్డ్ కూడా. చేతిని ముడిచి చర్మం మీద కట్టి, పైన చెయ్యి దించుకోవడం నయం. లోపల నైలాన్ ఎండ స్లీవ్ కూడా వేసుకుంటే ఇదే జారుడు. నూలుదైతే పట్టు దొరుకుతుంది.

కొత్త గార్డ్‌ని నేరుగా మ్యాచ్‌కి కట్టుకెళ్లొద్దు. రెండు, మూడు నెట్ సెషన్లు ఆడితే పలక చేతి వంపుకి సర్దుకుంటుంది.

అంపైర్ దృష్టిలో

క్రికెట్ నిబంధనలు బయటికి కనిపించే ముంజేతి గార్డ్‌ని బ్యాటర్ రక్షణ సామగ్రిలో ఒకటిగా ఒప్పుకుంటాయి. కానీ బ్యాట్ పట్టుకున్న చేతి గ్లవ్ బ్యాట్‌తో సమానం, గార్డ్ కాదు. గ్లవ్‌కి తగిలి కీపర్ చేతిలో పడితే అవుట్. గార్డ్‌కి మాత్రమే తగిలితే నాటౌట్. షాట్ ఆడబోయో, తప్పించుకోబోయో గార్డ్‌కి తగిలించుకుని పరిగెత్తితే అవి లెగ్ బైలు. ఎల్బీకి మాత్రం గార్డ్ శరీరంతో సమానం. 1999 అడిలైడ్ టెస్టులో ఆస్ట్రేలియా బౌలర్ మెక్‌గ్రాత్ బంతికి కిందికి వంగి, భుజానికి తగిలించుకుని సచిన్ ఎల్బీ అయిన సంగతి తెలిసిందే కదా. మోచేతికి తగిలినా లెక్క అదే.

దీనివల్ల కొనేటప్పుడు పట్టించుకోవాల్సిన చిన్న విషయం ఒకటుంది. గార్డ్ గ్లవ్ అంచు మీదకి ఎక్కి, రెండూ తెల్లగా ఉంటే దేనికి తగిలిందో రీప్లే లేని మ్యాచ్‌లో అంపైర్ చెప్పలేడు. మధ్యలో ఆ సెంటీమీటరు ఖాళీ ఉంటే మీకే మంచిది.

చెమట, ఎండ, వెల్క్రో

ఆట అయ్యాక గార్డ్ తీసి కిట్ బ్యాగ్ జిప్ వేసేస్తే రెండు రోజుల్లో బ్యాగంతా కంపు కొడుతుంది. తడి గుడ్డతో లోపలివైపు తుడిచి, నీడలో, గాలి ఆడేచోట ఆరబెట్టండి. వాషింగ్ మెషీన్ వద్దు, వేడినీళ్లు వద్దు, మిద్దె మీద ఎండ అసలే వద్దు. పొరల్ని కలిపి ఉంచేది జిగురు. ఎండలో నిలిపిన కారు డిక్కీలో నాలుగు మధ్యాహ్నాలు ఉంటే పలక, ఫోమ్ విడిపోతాయి. బయటికి బాగానే కనిపిస్తుంది, చేతితో మెలితిప్పితే లోపల టపటపమంటుంది.

వెల్క్రోలో గడ్డి, దారాలు చిక్కుకుంటే పట్టు పోతుంది. పాత టూత్‌బ్రష్‌తో గీకి, తోకలు మూసి దాచండి. అప్పటికీ పట్టకపోతే చెప్పులు కుట్టే అతని దగ్గర కొత్త స్ట్రాప్ వేయించుకోవచ్చు. స్ట్రాప్ పోయిందని గార్డ్ పారేయక్కర్లేదు.

దెబ్బ తగిలాక

మొదట చెయ్యి సంగతి. వాపు మొదలవకముందే గార్డ్, వాచీ, కడియం, చేతికున్న దారాలు తీసేయండి. ఐసు గుడ్డలో చుట్టి 15 నుంచి 20 నిమిషాలు పెట్టండి, నేరుగా చర్మం మీద కాదు. నూనె రాసి రుద్దొద్దు, మెటికలు విరిచినట్టు లాగొద్దు. తర్వాత నాలుగు పనులు చేసి చూడాలి: మోచెయ్యి పూర్తిగా చాపడం, అరచెయ్యి పైకీ కిందికీ తిప్పడం, బ్యాట్ హ్యాండిల్ గట్టిగా పట్టడం, ఎముక వెంట వేలితో మెల్లగా నొక్కుకుంటూ రావడం. వీటిలో ఏ ఒక్కటి కుదరకపోయినా, ఒకేచోట చురుక్కుమని నొప్పి తేలినా, ఆట ఆపి ఎక్స్‌రే తీయించుకోవాలి. పుత్తూరు కట్టే కట్టించుకుంటామన్నా సరే, ముందు ఎక్స్‌రే. చిటికెన వేలు, ఉంగరపు వేలు మొద్దుబారి అలాగే ఉండిపోతే నరం సంగతి డాక్టర్‌కి చూపించాలి. మోచేతి కొన మీద కోడిగుడ్డంత మెత్తటి వాపు వస్తే అక్కడున్న నీటి సంచి వాచిందని అర్థం కావచ్చు. దాన్ని సూదితో పొడవొద్దు. ఎర్రగా, వేడిగా మారినా, జ్వరం వచ్చినా ఆలస్యం చేయకుండా చూపించుకోండి.

తర్వాత గార్డ్. తగిలిన చోట పలకని మెల్లగా వంచి చెవి దగ్గర పెట్టుకోండి, పగులుంటే చప్పుడు వస్తుంది. ఫోమ్‌లో పడ్డ గుంట మర్నాటికి కూడా పైకి లేవకపోతే ఆ చోట దాని పని అయిపోయింది, మళ్లీ అక్కడే తగిలితే ఆపలేదు. అలాంటి గార్డ్‌ని తమ్ముడికో, క్యాంపులో జూనియర్‌కో ఇచ్చేసే అలవాటు మనకుంది. ఇవ్వకండి. స్ట్రాప్‌లు కోసి దాచుకోండి, పలకని చెత్తలో వేయండి.